ఊపిరి గది

ఆ రోజు మా తమ్ముడు దాదాపు రెండు నిమిషాలు ఊపిరి పీల్చలేదు. పీల్చడం లేదన్న సంగతి వాడికి తెలియలేదు. చుట్టూ నిలబడ్డ మాకూ తెలియలేదు. నా ముందున్న తెర మీద దీపాలన్నీ పచ్చగానే ఉన్నాయి. "బాగుందా పైడిరాజూ?" అని డాక్టరుగారు అడిగితే వాడు తల ఊపి నవ్వాడు కూడా.

ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. జరిగింది జరిగినట్టు చెప్పేస్తాను. దాచిపెడితే ఏమవుతుందో ఒకసారి చూశాను, అది చాలు.

నా పేరు సింహాచలం. ఆడదాన్నే. మా విశాఖపట్నం వైపు ఈ పేరు ఆడవాళ్లకీ మగవాళ్లకీ పెడతారు. బయటి ఊళ్ల ఇంజనీర్లు "సింహాచలం సార్" అని మెయిళ్లు రాస్తుంటారు, దిద్దడం ఎప్పుడో మానేశాను. భీమిలి రోడ్డులో కొండవాలున ఉన్న ఒక పరిశోధనశాలలో కెర్నెల్ రాయడం నా ఉద్యోగం. కంప్యూటరులో అన్నిటికన్నా అడుగున ఉండి, ఎవరికి ఏ చోటు ఇవ్వాలో, ఎవరి మాట ఎవరికి చేర్చాలో చూసుకునే ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. దానికి ఏ పరికరం తగిలించినా ఆ పరికరం భాష తెలిసిన దుబాసీ ఒకడు కావాలి. ఆ దుబాసీ పేరు డ్రైవర్. యంత్రం నడుస్తుండగానే ఒక పరికరాన్ని పీకేసి ఇంకోటి గుచ్చినా యంత్రం తడబడకుండా ఉండే డ్రైవర్లు రాయడంలో నాకు కాస్త పేరుంది. ఉండేది.

ఆ యంత్రం మా తమ్ముడి ఛాతీలో ఉంది.

పైడిరాజు ఓడల మరమ్మతు చేసే ఒక ప్రైవేటు కంపెనీలో వెల్డరు. రెండేళ్ల కిందట పరంజా మీంచి జారిపడి మెడ విరిగింది. ప్రాణం మిగిలింది గానీ మెడ కిందిదంతా వాడి మాట వినడం మానేసింది. ఊపిరితో సహా. గొంతుకు కన్నం పెట్టి, గొట్టం దోపి, యంత్రంతో గాలి కొడుతుంటే మంచం మీద కళ్లు మాత్రం తిప్పుతూ పడి ఉండేవాడు. వాణ్ని మా పరిశోధనశాలకు తెచ్చింది నేనే. మా పెద్దాయన డాక్టర్ పట్నాయక్‌గారి కాళ్లా వేళ్లా పడి మరీ తెచ్చాను.

పట్నాయక్‌గారు తయారుచేసిన పెట్టె అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దది. అది భుజం ఎముక కింద చర్మంలో ఇమిడి ఉంటుంది. పైకి నాలుగు అరలు కనిపిస్తాయి. ఒక అరలో ఊపిరి కార్డు, ఇంకో అరలో కుడిచేతి కార్డు. మెదడు నుంచి వచ్చే తీగలు పెట్టెలోకి వస్తాయి, పెట్టె నుంచి కింది నరాలకు వెళతాయి. కెర్నెల్ ఒక్కో కార్డుకీ ఒక్కో గది ఇస్తుంది. మెదడు వెళ్లి ఊపిరి గది తలుపు తడుతుంది. లోపలున్న డ్రైవర్ ఆ మాట విని కార్డుకు చెబుతాడు, ఛాతీ లేస్తుంది, "అందింది" అన్న జవాబు మళ్లీ మెదడుకు వెళుతుంది. ఆ గది తలుపు ఎక్కడుందో నేర్చుకోవడానికి పైడిరాజు మెదడుకు ఏడు నెలలు పట్టింది. నేర్చుకున్నాక గొంతు కన్నం మూసేశారు. వాడు మాట్లాడిన మొదటి మాట "అక్కా, ఆకలి." నేను వంటింట్లోకి పోయి గోడకు ఆనుకుని ఏడ్చాను.

కార్డులు ఏడాదికోసారి మార్చాలి, వాటి శక్తి తగ్గిపోతుంది. మామూలు కంప్యూటరయితే ఆపి, మార్చి, మళ్లీ పెడతాం. మనిషిని ఆపి మళ్లీ పెట్టలేం కదా. పైడిరాజు కన్నా ముందు ఒక ముసలామెకు ఈ పెట్టె పెట్టారు. ఆమె కార్డు మార్చడానికి పెట్టెను నాలుగు నిమిషాలు ఆపారు. మళ్లీ పెట్టేసరికి గదులన్నీ తారుమారయ్యాయి. ఆమె మెదడు పాత తలుపే తట్టింది. జవాబు లేదు. ఇంకా గట్టిగా తట్టింది. బయటి యంత్రం గాలి అందిస్తూనే ఉంది, అయినా మెదడుకు జవాబు అందలేదు కాబట్టి దానికి ఊపిరాడనట్టే లెక్క. బీపీ అలా పెరుగుతూ పోయి మూడో రోజున తలలో నరం చిట్లి చనిపోయింది. అప్పట్నుంచి మా దగ్గర ఒకటే శాసనం. పెట్టె ఆగకూడదు. మార్చేదేదైనా నడుస్తుండగానే మార్చాలి.

దానికి పట్నాయక్‌గారు ఒక పద్ధతి పెట్టారు. ఏ గదిని ఎంతమంది పట్టుకుని ఉన్నారో కెర్నెల్ లెక్క చూపిస్తుంది. ఆ లెక్క సున్నా అయితే తప్ప కార్డు మీద చెయ్యి వెయ్యకూడదు. తెర ముందున్న మనిషి "సున్నా" అని పైకి అనాలి. కార్డు దగ్గరున్న మనిషి తన తెర చూసుకుని మళ్లీ "సున్నా" అనాలి. రెండు నోళ్లు అన్నాకే పీకాలి. మంచి పద్ధతే. దాని మీద మా అందరికీ దేవుడి మీదున్నంత గురి.

నా తప్పు ఆ గురిలోంచే పుట్టింది. కార్డు మార్చడానికి ఆరు వారాల ముందు, పైడిరాజు పెట్టె మీద ఉత్తుత్తి పరీక్ష చేశాను. కార్డు పీకకుండా, పీకబోతున్నట్టు డ్రైవర్‌కు చెప్పి లెక్క చూడటం. ఊపిరి గదిని వాడే ప్రోగ్రాములన్నీ ఒక్కొక్కటీ వదిలేశాయి. లెక్క ఒకటి దగ్గర ఆగింది. సున్నా కాదు. రెండు వారాలు వెతికాను. ఎవరు పట్టుకున్నారో తెలియలేదు. అవతల తేదీ ఖాయమైపోయింది, ఢిల్లీ నుంచి అనుమతులిచ్చే కమిటీవాళ్లు వస్తున్నారు, పట్నాయక్‌గారు రోజూ "సున్నా వచ్చిందామ్మా?" అని అడుగుతున్నారు. నాకు విసుగొచ్చింది. డ్రైవర్‌లో అయిదు వరుసలు చేర్చాను. అయిదు సెకన్లు చూడు, అప్పటికీ ఎవరైనా వదలకపోతే వదిలేసినట్టే లెక్క కట్టు. పక్కన "తాత్కాలికం" అని రాసుకున్నాను. తర్వాత మర్చిపోయాను. మర్చిపోయానని చెప్పడం కూడా పూర్తి నిజం కాదు. తలుచుకోవడం ఇష్టంలేక తలుచుకోలేదు.

కార్డు మార్చే రోజు పొద్దున వాళ్లింటికి వెళ్లాను. పైడిరాజు కుర్చీలో కూర్చుని తన చేత్తో ఇడ్లీ తుంచుకుని తింటున్నాడు. సగం పచ్చడి చొక్కా మీదే ఉంది. వాడి భార్య నూకాలు తుడవబోతే వద్దన్నాడు.

"ఉండనీ. నా చేత్తో పోసుకున్న పచ్చడి అది. నీకేటి?"

"నాకేటంటావేటి, ఉతికేది నేను కాదేటి?" అంది నూకాలు. నాకేసి తిరిగి, "వదినా, ఈయాల్టి నుంచి చెయ్యికి తెలుస్తాదంట కదా? నిజిమేనా?" అని అడిగింది.

అప్పటిదాకా ఆ చెయ్యి పట్టుకోగలదు, వదలగలదు. పట్టుకున్నది వేడో చల్లనో వాడికి తెలిసేది కాదు. ఊపిరి కార్డు మార్చిన వెంటనే చేతి డ్రైవర్‌కు స్పర్శ కూడా కలపాలని అనుకున్నాం. దానికి కెర్నెల్‌ను ఇంకో గది అడగాలి, అంతే. రెండూ ఒకే దెబ్బకు అయిపోతాయి.

"నిజమే. నువ్వు పక్కనే కూర్చో. మొదట నీ చెయ్యే పట్టుకుంటాడు" అన్నాను.

నూకాలు ముసిముసిగా నవ్వి లోపలికి పోయి చేతులు కడుక్కుని, వాటికి కొబ్బరినూనె రాసుకుని వచ్చింది. పైడిరాజు నన్ను చూసి కన్ను గీటాడు.

పదకొండు గంటలకు మొదలుపెట్టాం. కమిటీవాళ్లు నలుగురు అద్దం అవతల కూర్చున్నారు. పట్నాయక్‌గారు కార్డు దగ్గర, నేను తెర ముందు, సిస్టర్ ఫిలోమినా తల దగ్గర నిలబడ్డాం. కార్డు బయట ఉండే కొద్ది సెకన్లలో గాలి కొట్టడానికి ఆవిడ చేతిలో రబ్బరు సంచీ, మూతికి తొడిగే మాస్కు ఉన్నాయి. నూకాలు వాడి కుడిచెయ్యి పట్టుకుని కూర్చుంది. వేలికి తగిలించే ఆక్సిజన్ క్లిప్పు కూడా అలవాటుగా ఆ చేతికే పెట్టారు.

డ్రైవర్‌ను వదలమని చెప్పాను. మూడు, రెండు, ఒకటి. ఒకటి దగ్గర ఆగింది. అయిదు సెకన్లు. ఒకటి కాస్తా సున్నా అయింది.

"సున్నా" అన్నాను.

"సున్నా" అన్నారు పట్నాయక్‌గారు. పీకారు, కొత్తది గుచ్చారు. కెర్నెల్ దాన్ని గుర్తుపట్టింది, డ్రైవర్‌ను పిలిచింది, గది ఇచ్చింది. పచ్చదీపం. చేతి డ్రైవర్ తన రెండో గది అడిగి తీసుకుంది. ఇంకో పచ్చదీపం. ఫిలోమినా మాస్కు తీసేసింది. అద్దం అవతల ఎవరో చప్పట్లు కొట్టారు.

"బాగుందా పైడిరాజూ?"

వాడు తల ఊపి నవ్వాడు. నూకాలు వేళ్ల చుట్టూ వాడి వేళ్లు బిగుసుకున్నాయి, విడిపోయాయి, మళ్లీ బిగుసుకున్నాయి. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండేళ్ల తర్వాత భార్య చెయ్యి వెచ్చగా తెలుస్తోంది. అక్కడున్న వాళ్లమంతా దాన్నే చూస్తున్నాం. ఆక్సిజన్ తెర మీద అంకె బదులు గీతలు వస్తున్నాయి. చెయ్యి కదులుతుంటే అది సరిగా చదవలేదు. "కుదురుకోనివ్వండి" అన్నారు పట్నాయక్‌గారు.

నూకాలు ముఖంలో నవ్వు ముందు తగ్గింది.

"వదినా, ఈ చెయ్యి ఈయన్ది కాదు."

"అదేం మాట?"

"నన్ను పట్టుకోటం లేదు వదినా. ఊరికే మూస్తన్నాది, తెరుస్తన్నాది. గడియారంలాగ. ఈయన ఇలగ పట్టుకోడు." తల ఎత్తి వాడి ముఖం చూసింది. "ఓలమ్మో! పెదాలు సూడండి!"

పెదాలు నీలంగా ఉన్నాయి. వాడు ఇంకా నవ్వుతున్నాడు. ఫిలోమినా ఛాతీ మీద అరచెయ్యి ఆనించి, అలాగే మా వైపు చూసింది. ఛాతీ కదలడం లేదు. చెయ్యి మాత్రం నిమిషానికి పదిహేను సార్లు మూసుకుని తెరుచుకుంటోంది.

మాస్కు తొడిగి గాలి కొట్టడం మొదలుపెడితే పైడిరాజు తల అటూ ఇటూ తిప్పుకున్నాడు. సంచీ గాలితో మాట పలికింది. "ఎందుకు... బానే... ఉన్నాను." వాడికి ఊపిరి ఆడుతున్నట్టే ఉంది. మేం అనవసరంగా వాడి ముఖం మీద పడ్డాం అనుకుంటున్నాడు. చిన్నప్పుడు కూడా మందు మింగించబోతే అలాగే తల తిప్పుకునేవాడు.

"కార్డు పాడయి ఉంటుంది. రెండోది తెండి" అన్నారు పట్నాయక్‌గారు.

కార్డు పాడవలేదు. నాకు తెలుసు. తెర మీద గదుల జాబితా ఒక్కసారి చూడగానే తెలిసిపోయింది. పాత ఊపిరి గది ఎదురుగా చేతి డ్రైవర్ పేరుంది. ఆరు వారాల కిందట నేను రెండు వారాలు వెతికినా దొరకని ఆ ఒకటి ఎవరో అప్పుడు అర్థమైంది. ఆ ఒకటి వాడి మెదడు. క్షణం కూడా ఆపకుండా ఆ తలుపు తడుతున్నది అదే. ఆ ఒకటిని అలాగే ఉండనిస్తే కెర్నెల్ ఆ గదిని ఎవరికీ ఇవ్వకుండా కాపాడి, కొత్త కార్డును నేరుగా అందులోనే కూర్చోబెట్టి ఉండేది. మా సున్నా కోసం నేను దాన్ని చెరిపేశాను. కెర్నెల్ కొత్త కార్డుకు వేరే గది ఇచ్చి, పాత గది ఖాళీ అయిందనుకుని దాన్ని చేతికి ఇచ్చేసింది. ఇప్పుడు మెదడు ఊపిరి అడిగితే చెయ్యి మూసుకుంటోంది. మూసుకుని, "అందింది" అని జవాబిస్తోంది.

ఇదంతా అప్పుడే చెప్పెయ్యాలి. నేను చెప్పలేదు.

"ఒక్క నిమిషం సార్, చూస్తున్నాను" అన్నాను. నా తప్పు కాకుండా ఇంకేదైనా కారణం దొరుకుతుందేమోనని పాత రికార్డులన్నీ తిరగేశాను. పట్నాయక్‌గారు రెండో కార్డు గుచ్చారు. పచ్చదీపం. ఛాతీ లేవలేదు. మూడో కార్డు తెమ్మన్నారు. ఫిలోమినా చేతులు నొప్పెట్టి సంచీ ఇంకొకరికి ఇచ్చింది. కమిటీవాళ్లు లేచి నిలబడ్డారు. నేను తెర వైపు చూస్తూ, చదవని అక్షరాలు కిందికి జరుపుతూ కూర్చున్నాను. ఉద్యోగం గుర్తొచ్చింది. పోలీసులు గుర్తొచ్చారు. మా అమ్మకు ఏం చెప్పాలో గుర్తొచ్చింది. ఇరవై నిమిషాలు అలా గడిపాను. మనిషి భయపడితే ఎంత నీచానికి దిగుతాడో నాకు పుస్తకాలు చెప్పనక్కరలేదు.

నూకాలు నా బల్ల దగ్గరకు వచ్చి నిలబడింది. ఆమెకు కంప్యూటరు తెలియదు. నా ముఖం తెలుసు.

"నీకు తెల్సు కదా వదినా ఏటైందో."

నేను అక్షరాలు ఇంకా కిందికి జరిపాను.

"తెల్సు నీకు. సెప్పీ. నిన్నేటీ అన్ను. సెప్పీ వదినా, నీకు దండం పెడతాను."

అప్పుడు చెప్పాను. అందరికీ వినబడేలా చెప్పాను. అయిదు వరుసల సంగతి, ఆ ఒకటి సంగతి, అన్నీ. పట్నాయక్‌గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"ఆ ఒకటి ఎవరిదో అడగాలనిపించలేదామ్మా?" అన్నారు. తిట్టలేదు. ఇంతకన్నా తిట్టి ఉంటే బాగుండేది. "సరే. ఇప్పుడేం చెయ్యాలి?"

చెయ్యాల్సింది ఒకటే. చెయ్యి ఆ గది ఖాళీ చేస్తే ఊపిరి కార్డును అందులో కూర్చోబెట్టవచ్చు. ముందు ఆ అయిదు వరుసలు తీసేశాను. ఇప్పుడు చేతి డ్రైవర్ ఆ గదిని వదలాలంటే నిజమైన సున్నా కావాలి. అంటే పది సెకన్ల పాటు మెదడు ఆ తలుపు తట్టకూడదు. చేతి కోసం తట్టకూడదు, ఊపిరి కోసం కూడా తట్టకూడదు. ఇంకోసారి దొంగ సున్నా వేస్తే కెర్నెల్ ఆ గదిని ఎవరికిస్తుందో, మెదడు జవాబు లేక ఏమవుతుందో ఆ ముసలామె విషయంలో చూశాం.

వాడి చెవి దగ్గర వంగి చెప్పాను. "రాజూ, నేను తప్పు చేశాన్రా. నీ ఊపిరి నీ చేతిలోకి పోతోంది. వెనక్కి తేవాలంటే పది అంకెలు లెక్కపెట్టేదాకా నువ్వు ఊపిరి బిగబట్టాలి. చేతిని కూడా తలుచుకోకు. గాలి మేం కొడతాం, భయంలేదు."

సంచీ గాలి మీద మాట వచ్చింది. "భయంలేదా... అక్కా?"

"ఉంది" అన్నాను. ఇంక అబద్ధం ఆడలేకపోయాను.

మొదటిసారి ఆరు దాకా వచ్చింది. చెయ్యి మూసుకుంది, లెక్క ఒకటయింది. రెండోసారి ఏడు. మళ్లీ ఒకటి. వాడి నుదుటి మీద చెమట పట్టింది, బీపీ నూట డెబ్బై దాటింది. ఊపిరి కావాలని లోపల అనిపించను కూడా కూడదంటే ఎవడైనా ఎంతసేపు ఆపుతాడు? మూడోసారి ఎనిమిది వచ్చింది. అప్పుడు వాడి వేళ్లు నూకాలు వేళ్లను వెతుక్కున్నాయి. ఒకటి.

నూకాలుకు నాకన్నా ముందు అర్థమైంది. వాడి చేతిలోంచి తన వేళ్లు ఒక్కొక్కటీ మెల్లగా తీసుకుంది. వాడి చెయ్యి దుప్పటి మీద తడుముతూ పోయింది. లెక్క ఒకటి. ఆమె లేచి వాడి తల వెనక్కి వెళ్లి నిలబడింది. వాడు కళ్లు పైకి తిప్పి చూడబోయాడు. ఒకటి.

"నేనుంటే వదల్డు వదినా" అంది. తలుపు తీసుకుని బయటికి వెళ్లిపోయింది. తలుపు మూసిన చప్పుడు వాడు విన్నాడు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

ఎనిమిది. తొమ్మిది. పది.

"సున్నా" అన్నాను.

పట్నాయక్‌గారు తన తెర చూశారు, నన్ను చూశారు. "నిజమైనదేనా?"

"నిజమే సార్."

"సున్నా." చేతి కార్డు పీకారు. మంచం మీద చెయ్యి వేళ్లు చాపి అలాగే ఉండిపోయింది. ఊపిరి కార్డును ఆ గదిలో కూర్చోబెట్టమని కెర్నెల్‌కు చెప్పాను. మూడు సెకన్లు పట్టింది. అంతకన్నా పెద్ద మూడు సెకన్లు నా జీవితంలో లేవు. వాడి ఛాతీ లేచింది. పడింది. మళ్లీ లేచింది. ఫిలోమినా సంచీ పక్కన పెట్టి నేల మీద కూలబడి శిలువ గుర్తు వేసుకుంది.

పైడిరాజు కళ్లు తెరిచి, తన ఊపిరితో తను అన్న మొదటి మాట, "నూకాలేది?"

కథ అక్కడితో అయిపోతే బాగుండేది.

నాలుగు రోజుల తర్వాత పట్నాయక్‌గారు నన్నూ నూకాలునూ కూర్చోబెట్టి చెప్పారు. దాదాపు నలభై నిమిషాలు వాడి మెదడుకు "ఊపిరి అందింది" అన్న జవాబు చేతి నుంచే వెళ్లింది. ఆ జవాబులో నూకాలు చేతి వెచ్చదనం కూడా కలిసి వెళ్లింది. మొదట్లోనే, అయిదు నిమిషాల్లోపు సరిచేసి ఉంటే చెరిగిపోయేది. నలభై నిమిషాల్లో మెదడు ఆ రెంటినీ ఒకటి చేసుకుంది. ఇప్పుడు భార్యను పట్టుకోవాలని వాడికి అనిపిస్తే, ఆ కోరిక వెళ్లి ఊపిరి గది తలుపు తడుతుంది. పీల్చిన ఊపిరి వదలకముందే ఇంకో ఊపిరి లోపలికి వస్తుంది. దాని మీద ఇంకోటి.

"చెయ్యి కార్డు మళ్లీ పెడితే?" అని అడిగాను.

"మెదడు ఊపిరి కోసం మళ్లీ అటే పోవచ్చు. నేను పెట్టను."

అయిదు నిమిషాల్లోపు అన్న మాట ఆయన మామూలుగానే అన్నారు. నా వైపు చూసి అనలేదు. ఆ మాట తిన్నగా వచ్చి నాకు గుచ్చుకుంది, ఇప్పటికీ ఉంది. ఉద్యోగం వాళ్లు తియ్యలేదు, నేనే మానేశాను. పైడిరాజుకు అంతా చెప్పాను. ఆ ఇరవై నిమిషాలు కూడా. వాడు కప్పు వైపు చూస్తూ, "నేనైనా అలగే భయపడుదునేమోలే అక్కా" అన్నాడు. అది క్షమించడమో, నాతో ఇంక మాట్లాడటం ఇష్టంలేకపోవడమో నాకు తెలియలేదు.

ఇంటికి తెచ్చిన మూడో రోజున నూకాలు మామూలుగా పక్కన కూర్చుని వాడి నుదురు తుడిచింది. వాడి ఛాతీ లేచింది. పడలేదు. ఇంకా లేచింది. ముఖం ఎర్రబడి, కళ్లు ఉబ్బి, మెడ నరాలు తేలాయి. నూకాలు భయపడి దూరంగా జరిగాక గానీ ఊపిరి బయటికి రాలేదు. అలా వారంలో నాలుగుసార్లు అయింది. నాలుగోసారి ముక్కులోంచి నెత్తురు వచ్చింది.

అప్పట్నుంచి వాడికి అన్నం పెట్టేదీ ఒళ్లు తుడిచేదీ నేనే. నూకాలు పక్క గదిలోకి మారిపోయింది. కుట్టుమిషను ఒకటి కొనుక్కుని వీధిలోవాళ్లకు జాకెట్లు కుడుతోంది. ఇద్దరికీ మధ్య ఒక గోడ, ఒక తెరిచిన గుమ్మం. గుమ్మంలోంచి ఆమె కనిపించకుండా మిషను పక్కకు జరిపి పెట్టుకుంది. రోజంతా ఆ మిషను చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది.

నిన్న మధ్యాహ్నం వాడికి పెరుగన్నం తినిపిస్తున్నాను. రెండు ముద్దలు తిని మూడోది వద్దన్నాడు.

"అక్కా, దాన్ని ఓపాలి రమ్మను."

"ఏం పని?"

"పనేటి లేదు. ఓపాలి గుమ్మం కాడ నిలబడమను. అంతే. ముట్టుకోనులే, ముట్టుకోటానికి నాకు సెయ్యెక్కడిది?"

నవ్వుతూనే అన్నాడు. నేను చెప్పకముందే పక్కగదిలో మిషను ఆగింది. విన్నది. స్టూలు జరిగిన చప్పుడు, గాజుల చప్పుడు. వాడూ విన్నాడు. వస్తోందని వాడికి తెలిసిపోయింది.

ఛాతీ లేచింది.

నేను చూస్తున్నాను. పడలేదు. దాని మీద ఇంకోటి లేచింది. వాడు గుమ్మం వైపే చూస్తున్నాడు, కనురెప్ప కూడా వెయ్యడం లేదు. పెదాల మీద ఆ రోజు ఉన్న నవ్వే ఉంది. మూడోది లేచింది. మెడ మీద నరం వేలెడు లావున తేలింది.

"రావద్దు!" అని అరిచాను. "కుట్టు నూకాలూ! కూర్చుని కుట్టు!"

అవతల అడుగులు ఆగిపోయాయి. మిషను చప్పుడు రాలేదు. నాలుగో ఊపిరి కూడా లోపలికే వెళ్లింది. నేను పళ్లెం కింద పడేసి వాడి భుజాలు పట్టుకున్నాను.

తర్వాత మిషను నడిచింది. మొదట తడబడింది, ఆగింది, మళ్లీ నడిచింది. బట్ట ఏదీ పెట్టకుండానే నడుపుతున్నట్టుంది, ఆ చప్పుడు ఎప్పటిలా లేదు. ఆమె ఏడుస్తున్నది కూడా వినబడుతోంది. మిషను మాత్రం ఆపలేదు.

పైడిరాజు ఆ చప్పుడు వింటూ గుమ్మం మీంచి కళ్లు తిప్పుకున్నాడు. అప్పుడు వాడి ఛాతీ పడింది.